బిషప్ కొమ్ములు

డిసెంబర్ 26

ఏమీ రాలేదు. మంచె మీద కూర్చుని కూర్చుని కాళ్లు కొయ్యబారాయి. ఒట్టి చేతులతో విల్లు లాగి చూస్తే చలికి అది కూడా కిర్రుమంది. పొదలో ఉడుత తలెత్తి చూసింది. ఇంత నిశ్శబ్దంలో జింకకి వినపడకపోతుందా?

వేట సీజన్ అయిపోవస్తోంది. నా దగ్గర ఒకే ట్యాగు మిగిలింది, కొమ్ముల్లేని జింకని కొట్టడానికిచ్చే అనుమతి చీటీ. ఎలాగూ ఈ ఏడు పెంటి జింకల్నే కొట్టమన్నాడు వెర్లిన్. "పోతుల జోలికి పోకు పిల్లా, ఈసారికి," అన్నాడు అక్టోబర్‌లో, ట్రాక్టరు మీంచి దిగకుండానే. ఎందుకని నేను అడగలేదు. నేల ఆయనది. బిషప్ అంటే ముసలాయనకి ముద్దు అయ్యుంటుంది.

ఆ పోతుకి బిషప్ అని పేరు పెట్టింది కర్ట్ బ్రూనింగ్. మిల్లు యార్డులో నా మీద మేస్త్రీ. వెర్లిన్ పక్క పొలంలో వేట హక్కు కొనుక్కుని చెట్టుకో కెమెరా కట్టాడు. భోజనాల గదిలో ఫోను తీసి, కూతురి పెళ్లి ఫోటోల్లా చూపిస్తాడు. కుడి కొమ్ములో ఒక కొన కంటి మీదకి వాలి ఉంటుందట, ఎడమ చెవి చీలి ఉంటుందట, మన తాలూకాలోనే అలాంటిది లేదట. అక్కడికి తనే కని పెంచినట్టు.

ఇంటికి రాగానే నాన్న కుర్చీలోంచే అడిగాడు. "వెర్లిన్ కాఫీ ఇచ్చాడా?"

ఇవ్వలేదు. వంటింట్లో దీపం వెలుగుతోంది కానీ తలుపు తీయలేదు. ఏదో పనిలో ఉండి ఉంటాడు. మంచె దిగాక ఆ వంటింట్లో కాఫీ తాగి రావడం నేను పుట్టకముందు నుంచీ నాన్న అలవాటు. మిల్లులో దుంగ కింద పడి తుంటి నలిగాక ఆయన మంచె ఎక్కలేడు, కాబట్టి ఆ కాఫీ ఇప్పుడు నాది.

నాన్న "ఓహో" అన్నాడు, అంతే.

డిసెంబర్ 27

గాలి అటునుంచి వీస్తోంది. వెళ్లలేదు.

డిసెంబర్ 29

నిన్న రాయలేకపోయాను.

నిన్న సాయంత్రం వెలుగు ఇంకా బాగానే ఉండగా సోయా చేలోకి మూడు పెంటి జింకలు వచ్చాయి. కోతలో మిగిలిన కాయల కోసం మంచుని గిట్టలతో గీకుతున్నాయి. వాటి వెనక ఇంకొకటి. పెద్దది, మెడ దించుకుని, డొక్కలు పీక్కుపోయి, నడవలేక నడుస్తోంది. ముసలి పెంటి అనుకున్నాను. ఈ చలికాలం గట్టెక్కేది కాదు, దీన్నే తీసుకుందాం అనుకున్నాను. తల వైపు చూశాను. చూడకుండా వేస్తానా? నున్నగా ఉంది. చెవుల మధ్య ఏమీ లేదు.

అది పక్కకి తిరిగింది. దళసరి కోటు చేతికి నారి తగలకుండా మోచెయ్యి బయటికి తిప్పి లాగాను. బాణం పక్కటెముకల మధ్య దిగి, అటువైపు నుంచి దూసుకెళ్లి మంచులో గుచ్చుకుంది. జింక రెండు గంతులేసి కంచె వైపు పోయింది.

వెంటనే దిగకూడదు. విల్లు నా చేతికిచ్చిన రోజున నాన్న మొదట చెప్పింది అదే. కూర్చో, చేతుల వణుకు తగ్గేదాకా కూర్చో, తగ్గాక ఇంకాసేపు కూర్చో. కూర్చున్నాను. తర్వాత నెత్తుటి చుక్కల వెంట పోతే కంచె ఇవతలే పడి ఉంది. ఎక్కువ బాధ పడకుండానే చనిపోయింది.

తిప్పి చూద్దును కదా, పెంటి కాదు. పోతు. నుదుటి మీద చెవుల పక్కన రెండు చోట్ల, మోకాలు చెక్కుకుపోయినట్టు ఎర్రగా పచ్చిగా ఉంది. కొమ్ములు ఈ మధ్యే రాలిపోయాయి. ఎడమ చెవి చీలి ఉంది.

బిషప్.

మంచులో మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. జతకట్టే రోజుల్లో తిండి మాని తిరిగి, బక్కచిక్కి, కొమ్ములు ముందే రాల్చేసిన పోతు, దూరానికి ముసలి పెంటిలాగే ఉంటుంది. ఈ ఊళ్లో విల్లు పట్టిన ప్రతివాడూ జన్మలో ఒక్కసారైనా ఈ పొరపాటు చేసినవాడే, చేసి నవ్వుకున్నవాడే. చట్టానికి కూడా అది కొమ్ముల్లేని జింకే. ట్యాగు కట్టాను. తప్పు పని ఏదీ చెయ్యలేదు.

వెర్లిన్ తలుపు కొట్టాను చెబుదామని. పలకలేదు. చర్చిలో ఏదో ఉందేమో.

దారిలో పెట్రోలు పోయించుకుంటుంటే ఎవడు తగలాలి? కర్ట్. పికప్ వెనక్కి తొంగిచూశాడు. ముందు నవ్వాడు. "ఏంటి బ్రిట్టా, ముసలమ్మని పట్టుకొచ్చావ్?" తర్వాత చెవి చూశాడు. చెయ్యి పెట్టి తల తిప్పాడు. నా జింక మీద, నన్నడక్కుండా.

"కొమ్ములేవి?"

"రాలిపోయాయి. కనపట్లా?"

"ఎక్కడ?"

"అడవిని అడుగు."

"నిన్ను అడుగుతున్నా," అన్నాడు. పంపు దగ్గర అందరూ చూస్తుండగా.

నాకు కోపం రాలేదు. ట్యాంకు మూత బిగించి వచ్చేశాను. మూత విరిగింది.

జనవరి 2

మిల్లు తెరిచారు. పచ్చి పలకలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, లాగి పేర్చాలి, తల ఎత్తకూడదు. ఇవాళ తల ఎత్తకపోవడమే మంచిదైంది.

భోజనాల గదిలో నా కుర్చీలో ఎవరో రంపపు పొట్టు పోసిపెట్టారు. దాని మీద రెండు చెక్క కొమ్ములు గుచ్చారు.

"రంపం దగ్గర పనిచేసేవాళ్లకి ఏం కష్టం? రెండు నిమిషాల పని," అన్నాడు ఒకడు.

"కొమ్ములుంటే పోతు ట్యాగు కావాలిగా. లేకపోతే పెంటి ట్యాగు చాలు," అని ఇంకొకడు.

దుంగల లారీ తోలే గస్ ఒక్కడే నవ్వకుండా శాండ్‌విచ్ తింటున్నాడు.

కర్ట్ గుమ్మంలో నిలబడి, "నేనేం అనట్లేదమ్మా. కొమ్ములు ఎక్కడున్నాయో చెబితే చాలు," అన్నాడు.

పొట్టు దులుపుకుని అదే కుర్చీలో కూర్చుని తిన్నాను. నాకు కోపం లేదు. డబ్బాలో తెచ్చుకున్న చిల్లీ కూర ఉప్పగా ఉంది, అంతే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో వేట శాఖ వార్డెన్ బండి. ఎవరో ఫోన్ చేశారట. ఎవరో! ఆవిడ మర్యాదగానే ఉంది. షెడ్డులో గడ్డకట్టి ఉన్న తల తీసుకొచ్చి చూపించాను. చేతి తొడుగు తీసి రెండు మచ్చల మీదా బొటనవేలు పెట్టి రాసింది. "ఇది కోసింది కాదు. కోస్తే చదునుగా ఉంటుంది. ఇది దానంతటది ఊడింది," అంది. ట్యాగు చూసింది. "నువ్వు చేసిన తప్పు ఏమీ లేదు. మాంసం బాగుందా?"

"మూడొంతులు సాసేజ్ చేయించాలి. ముసలిది."

"మా ఇంట్లో కూడా అదే చేస్తాం," అని నవ్వి వెళ్లిపోయింది.

అయిపోయింది. రేపు అందరికీ తెలుస్తుంది.

జనవరి 3

తెలిసింది. తెలిసి ఏమైంది?

శుక్రవారం కదా, చేపల వేపుడికి బార్‌కి వెళ్లాను. అమ్మకి వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీ, నాన్న రానన్నాడు. నేను వెళ్లకపోతే దాక్కున్నాననుకుంటారని వెళ్లాను. వార్డెన్ మాట నాకంటే ముందే అక్కడికి చేరింది. అప్పటికే కథ మార్చేశారు.

"సరే, కొయ్యలేదు," అన్నాడు కర్ట్, బ్రాందీ గ్లాసు బల్ల మీద తిప్పుతూ. "రాలిపోయాక ఏరుకుంది. ఏరుకున్నప్పుడే తెలుసు అది బోడిగా తిరుగుతోందని. అది బిషప్ అని తెలిసే వేసింది. పోతుల్ని కొట్టొద్దని వెర్లిన్ చెప్పాడు. కొమ్ముల్లేవు కదా, అడిగేదెవడని వేసేసింది."

"వెర్లిన్ నాకు చెప్పింది నీకెలా తెలుసు?" అన్నాను.

ఒక్క క్షణం తడబడ్డాడు. "పక్క పొలం వాళ్లం. మాట్లాడుకోమా?"

"కొమ్ములు నా దగ్గర లేవు."

"అయితే ఎక్కడున్నాయి?"

మళ్లీ అదే. ఊరు ఊరంతా ఒకటే ప్రశ్న. చేప తెచ్చిచ్చిన అమ్మాయి కూడా సాస్ పెడుతూ మెల్లిగా అడిగింది, "నిజంగా నీ దగ్గర లేవా?" ఆ అమ్మాయి నాతో బళ్లో చదివింది. దాని మొదటి జింకని గుట్ట మీంచి మోసుకొచ్చింది నేను.

చట్టం వదిలేసిన మనిషిని వీళ్లు పట్టుకుంటారట. వీళ్లెవరసలు? కెమెరాలు కట్టి, ఫోనులో చూసుకుంటూ హీటరు ముందు కూర్చునేవాళ్లు. నేను గాలి చూసుకుని, వాసన చూసుకుని, వేళ్లు తిమ్మిరెక్కేదాకా చెక్క మీద కూర్చునే మనిషిని. ఒక జింకకి ఫోటో తీసినంత మాత్రాన అది వాళ్లదైపోతుందా? అలాగైతే నా ఫోటో కూడా మిల్లు గోడ మీద ఉంది!

వెర్లిన్ మాత్రం నమ్మడు. వెర్లిన్‌కి నేను తెలుసు.

జనవరి 5

సీజన్‌కి ఇవాళ ఆఖరు రోజు. విల్లు తీసుకెళ్లలేదు. కొమ్ములు వెతకడానికి వెళ్లాను.

అవి ఎక్కడ పడి ఉన్నాయో చూపిస్తే ఈ నోళ్లు మూతపడతాయి. పోతులు కంచె దూకే చోట కుదుపుకి ఊడిపోతుంటాయి, కాబట్టి కంచె పొడుగునా నడిచాను. కొత్త మంచు పడి అన్నీ ఒకే రంగు. మంచులో పొడుచుకొచ్చిన ప్రతి కొమ్మా కొమ్ములాగే ఉంది. ఒంగి ఒంగి నడుం పోయింది. గడ్డి మోపులు తోలిన ట్రాక్టరు చక్రాల జాడ ఒకటి కంచె పక్కనే పోయింది, అక్కడ మాత్రం మంచు తొక్కి గట్టిగా ఉంది. అక్కడా లేవు.

వెర్లిన్ పశువుల దగ్గర కనపడ్డాడు. వెళ్లాను. ఆ సంగతి నేనే మొదలెట్టాను, అది బిషప్ అని తెలీదని, తెలిస్తే వేసేదాన్ని కాదని. ఆయన గడ్డి విదిలిస్తూ తల ఊపాడు.

"విన్నాన్లే," అన్నాడు.

అంతే! కొమ్ములేవని అడగలేదు. ఊళ్లో నన్ను ఆ ప్రశ్న అడగని మనిషి ఈయనొక్కడే. నా గొంతుకి ఏదో అడ్డం పడింది. మనిషి మీద నమ్మకం అంటే అలా ఉండాలి.

"కర్ట్ వచ్చాడు ఇక్కడికి. అరిచాడు," అన్నాడు మళ్లీ.

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నేనేం అనలేదు."

ఇంటికొస్తే నాన్న అడిగాడు. "కాఫీ ఇచ్చాడా?"

"పశువుల దగ్గరున్నాడు నాన్నా, కాఫీ జేబులో పెట్టుకుని తిరుగుతాడా?"

"ఓహో."

ఈ "ఓహో"తో చస్తున్నాను.

జనవరి 8

నన్ను పలకల దగ్గర్నుంచి తీసి, బయట బెరడు చెత్త కుప్ప దగ్గర వేశాడు కర్ట్. "మనుషులు తక్కువున్నారు," అట.

జనవరి 11

సాసేజ్ వచ్చింది. ప్రతి ఏడూ మొదటి కట్ట వెర్లిన్‌ది. వాళ్ల నేల మీద తిన్న జింక వాళ్ల పళ్లెంలోకి కూడా వెళ్లాలి. నాన్న ఎన్నడూ తప్పలేదు, నేనూ తప్పను. వెన్ను కండ కూడా పెట్టాను.

తలుపు కొంచెం తీశాడు. లోపల్నుంచి కాఫీ వాసన వచ్చింది.

"షెడ్డులో ఫ్రీజర్‌లో పెట్టేసి పో పిల్లా, ఎప్పట్లాగే. నాకు నడుం బాలేదు."

పెట్టాను. షెడ్డులో నూనె వాసన, ఎలుకల వాసన, చిన్నప్పట్నుంచీ అదే. గుమ్మం పక్కన ఎప్పుడూ ఉండే బకెట్ లేదు. అందులోంచి నాకోటి ఇచ్చేవాడు చిన్నప్పుడు, మా కుక్క నమలడానికి. ఎక్కడో జరిపినట్టున్నాడు.

తర్వాత చీకటి పడేదాకా వాగు అవతలి ఒడ్డు వెతికాను. ఒక పాత కొమ్ము దొరికింది, ఎలుకలు కొరికేసింది, ఎప్పటిదో.

నడుం బాగా లేని మనిషిని ఇబ్బంది పెట్టకూడదు. కాఫీ సంగతి నాన్నతో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు ఈసారి.

జనవరి 12

చర్చిలో మా బెంచీలో మేం ముగ్గురమే.

జనవరి 17

చెత్త కుప్ప దగ్గర నిలబడి ఆలోచిస్తుంటాను, ఎవరి మొహాన ఏం అనాలో. సాయంత్రానికి అన్నీ మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. కర్ట్‌కి: నీ కెమెరాలకి బ్యాటరీ అయిపోతే నీకు వేట రాదు. బార్ అమ్మాయికి: నీ జింకని నువ్వే మోసుకోవలసింది. ఇంకా చాలా ఉన్నాయి.

కానీ ఇవాళ రాయవలసింది వేరే.

గస్ లారీ ఆగిపోయి ఉంది. ముందు టైరు చప్పగా పడి ఉంది. "ఏమైంది?" అంటే, నేను తప్ప ఎవరూ లేరని చూసుకుని చెప్పాడు. "మా అన్న పొలం అడ్డంగా వచ్చా. మంచులో కొమ్ము పైకి తిరిగి ఉంది. మేకులా దిగిపోయింది. టైర్ల షాపువాడు తిట్టాడు, బుద్ధున్న రైతెవడైనా ముందు కొమ్ములు ఏరతాడ్రా అని."

బెరడు పార నా చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టడం మర్చిపోయాను.

వెర్లిన్ బుద్ధున్న రైతు. ఆయన ట్రాక్టరు తోలితే ముందు కళ్లు నేల మీదే ఉంటాయి. కనపడ్డ ప్రతి కొమ్మూ దిగి తీస్తాడు, తెచ్చి బకెట్లో పడేస్తాడు. గుమ్మం పక్కన. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ బకెట్ అక్కడే ఉంది.

కంచె పక్కన ట్రాక్టరు జాడ.

కాదు. నేనే ఏదేదో అనుకుంటున్నాను. రేపు వెళ్లి చూసి, నా ఆలోచనకి నేనే సిగ్గుపడి వస్తాను.

జనవరి 18

సిగ్గుపడవలసింది నేను కాదు.

షెడ్డులో పై అటక మీద, రంగు డబ్బాల వెనక, బకెట్ గోనె సంచి కప్పి ఉంది. స్టూలు వేసుకుని దించాను. పైన ఉన్నవే అవి. కుడిదాని కొన కిందకి వాలి ఉంది, కర్ట్ ఫోనులో ఉన్నట్టే. అడుగున ఎండిన నెత్తురు మరక ఇంకా గోధుమరంగుగా ఉంది. ఎంత బరువున్నాయో! ఇన్నాళ్లు వీటి కోసం నేను ఒంగి ఒంగి మంచులో దేవులాడాను. ఇవి ఇక్కడ వెచ్చగా కూర్చున్నాయి.

వెనక చప్పుడైంది. వెర్లిన్, దాణా బకెట్‌తో. నడుం బాగానే ఉంది.

"ఫ్రీజర్ పనిచేస్తోందా?" అన్నాడు. అప్పుడు నా చేతిలోవి చూశాడు.

ఆయనే అన్నాడు. "టైర్లకి గుచ్చుకుంటాయని తీశా."

"ఎప్పుడు?"

"గుర్తులేదు."

"క్రిస్మస్‌కి ముందా, తర్వాతా?"

"మర్నాడు," అన్నాడు. "గడ్డి తోలుతుంటే. రెండూ ఒక్కచోటే పడున్నాయి."

క్రిస్మస్ మర్నాడు నేను ఆయన చేలో మంచె మీదే ఉన్నాను. దిగి వాళ్ల వాకిలి ముందు నుంచే నడిచాను. వంటింట్లో దీపం ఉంది. ఒక్క మాట, బిషప్ కొమ్ములు రాల్చేశాడు, చూసి వెయ్యి అని ఒక్క మాట చెబితే నేను ఆ బాణం వెయ్యను. ఇదంతా లేదు.

"కర్ట్ వచ్చి అరిచినప్పుడు ఇవి ఇక్కడే ఉన్నాయి."

"ఉన్నాయి."

"ఊరంతా నన్ను దొంగ అంటున్నప్పుడు."

"నేననలేదు పిల్లా. నా నోట్లోంచి ఆ మాట రాలేదు."

"ఏ మాటా రాలేదు! అదే కదా నేనడుగుతోంది!"

పశువులు తలెత్తి చూశాయి. అంత గట్టిగా అరిచానని అప్పుడు తెలిసింది.

ఆయన బకెట్ కింద పెట్టాడు. చూపు చెప్పుల మీద. "వేట హక్కు కర్ట్ వాళ్లకి ఇచ్చేశానమ్మా. కోతలు కాకముందే. వచ్చే సీజన్ నుంచి. పోతుల్ని ముట్టుకోనివ్వద్దని అప్పట్నుంచే షరతు పెట్టారు. కొత్త కప్పు వెయ్యాలి, పశువుల కొట్టానికి. మీ నాన్నకి చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. ఇరవై వేసవులు నా గడ్డి కోశాడు ఆర్లన్, చెయ్యి చాపకుండా. ఏ మొహంతో చెప్పను?"

"అందుకని?"

"నీ మీద వాళ్లే గొడవ పెట్టుకుంటే... నువ్వే రావడం మానేస్తే... నేను చెప్పక్కర్లేకుండా..."

మిగతాది నేనన్నాను. "నేను దొంగనైతే మీకు నోరు తెరిచే పని తప్పుతుంది. అంతేనా?"

అవుననలేదు, కాదనలేదు. ఆయనకి అలవాటేగా.

అడగని మనిషి ఈయనొక్కడే అని రాసుకున్నాను కదూ. తెలిసినవాడు ఎందుకు అడుగుతాడు! నమ్మకమట! గొంతుకి అడ్డం పడిందట! దద్దమ్మని నేను.

కర్ట్ నాకు శత్రువు, సరే, వాడు ఎదురుగా నిలబడి అరిచాడు. ఈయన నా సాసేజ్ తిన్నాడు.

కొమ్ములు తీసుకుని వచ్చేశాను. ఆయన ఆపలేదు.

నాన్న ఒళ్లో పెట్టాను. వాలిన కొనని బొటనవేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"అక్టోబర్‌లో ట్రాక్టరు దిగకుండా మాట్లాడాడన్నావ్ చూడు, అప్పుడే అనుకున్నా. కాఫీ ఇవ్వని రోజున రూఢి అయింది."

"అయితే నాకు చెప్పొచ్చుగా!"

"నువ్వు ఆ మంచె మీదున్నంతసేపూ నేను కూడా అక్కడే ఉన్నట్టుండేది. ఇంకో నాల్రోజులు ఉంటే ఉండనీ అనుకున్నా."

ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఎక్కువసేపు ఉంచుకోలేకపోయాను.

జనవరి 20

రాసేటప్పుడు చేతికి ఇంకా కాలిన ఎముక వాసన వస్తోంది.

మధ్యాహ్నం కొమ్ములు గోనె సంచిలో పట్టుకుని భోజనాల గదిలోకి వెళ్లాను. బల్ల మీద పెట్టాను, ఉప్పు డబ్బాలు పక్కకి నెట్టి. ఒక్కడు నమలడం ఆపాడు, తర్వాత అందరూ ఆపారు.

"అడిగారుగా ఎక్కడున్నాయని. వెర్లిన్ షెడ్డులో అటక మీద. నేను బాణం వెయ్యకముందే ఏరి పెట్టుకున్నాడు. వెళ్లి అడగండి, ఈసారి నోరు తెరుస్తాడు."

క్షమించు అన్న మాట ఒక్కడి నోటా రాలేదు. గస్ మాత్రం తన కుర్చీ కొంచెం పక్కకి జరిపాడు, నాకు చోటన్నట్టు.

కర్ట్ లేచి వచ్చాడు. కుడి కొమ్ము ఎత్తి పట్టుకున్నాడు. మొహంలో ఏముంది? నిజం చెప్పాలంటే ప్రేమే ఉంది. వాలిన కొనని ముట్టుకున్నాడు. ఆ ఒక్క నిమిషం వాడి మీద జాలి లాంటిది వచ్చింది. నోరు తెరవకుండా ఉంటే ఆ జాలి అలాగే ఉండిపోయేదేమో.

"అంటే వెర్లిన్ నేల మీద దొరికినవే కదా. ఆ నేల హక్కు మాది. చూస్తే ఇవి మాకే రావాలి," అన్నాడు.

నవ్వొచ్చింది. నిజంగా.

వాడి చేతిలోంచి తీసుకుని, రెండోది చంకలో పెట్టుకుని, బయటికి నడిచాను. పలకల చివర్లు కోసే రంపం అక్కడికి దగ్గరే. మీట వేశాను. అది పైకి లేస్తూ ఏడుస్తుంది కదా ముందు, ఆ ఏడుపుకి అందరూ పరిగెత్తుకొచ్చారు.

"బ్రిట్టా! మతుందా నీకు? దించు!"

"నేను కోశానన్నారు! మొదటి రోజు నుంచీ అన్నారు! అంతమంది అన్న మాట అబద్ధం ఎందుకు కావాలి?"

వాలిన కొన ముందు పోయింది. తర్వాత వరసగా. తెల్లటి పొడి లేచింది, పళ్ల డాక్టరు దగ్గర వచ్చే వాసన. బిస్కెట్ల మందాన ముక్కలు పట్టీ మీద పడ్డాయి. కర్ట్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. రంపం తిరుగుతుండగా చెయ్యి పెట్టకూడదని అతనే మాకు నేర్పాడు. రెండోది కూడా అయ్యేదాకా నిలబడి చూశాడు.

మీట దించాను. చెవుల్లో గుయ్యిమంది.

"ఇప్పుడు కోశాను," అన్నాను. "తలా ఒకటి తీసుకోండి. కుక్కలు బాగా నములుతాయి."

గస్ ఒక్కడు వంగి ఒక ముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

కర్ట్ నన్ను ఇంటికి పొమ్మన్నాడు. రేపు రానక్కర్లేదా అంటే, "రేపు చూద్దాం," అన్నాడు. రేపు వెళ్తాను. చెత్త కుప్ప దగ్గరికైనా సరే. తప్పు చేసినవాడు మానెయ్యాలి, నేనెందుకు మానెయ్యాలి?

నేను చేసింది పిచ్చి పని. రుజువు నా చేతుల్లోనే ఉండగా ముక్కలు చేశాను. అయినా అది ఎవరికి రుజువు? చూడవలసినవాళ్లు చూశారు. ఇక దాన్ని వాళ్ల గోడకి మేకు కొట్టి తగిలించుకుని, దాని కింద కూర్చుని బ్రాందీ తాగనివ్వను.

జనవరి 25

మంచె విప్పేశాం.

నాన్న కూడా వస్తానన్నాడు. పికప్‌లో కూర్చోబెట్టి చేలోకి తీసుకెళ్లాను. కిటికీలోంచి చూస్తూ, "ఆ పై మేకు జాగ్రత్త, వంకరగా కొట్టా," "ఆ పలక చీలుతుంది, రెండు పక్కలా లేపు," అని చెబుతూనే ఉన్నాడు. నేను పుట్టిన ఏడు మిల్లులో కోసుకొచ్చిన ఓక్ పలకలు. ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఒక్కొక్కటే కిందకి వేశాను. వచ్చే సీజన్‌కి కర్ట్ ఎక్కడ కూర్చుంటాడో వాడిష్టం. మా నాన్న మేకుల మీద మాత్రం కాదు.

సగం విప్పాక వెర్లిన్ వచ్చాడు, ఇంటి దగ్గర్నుంచి మంచులో నడుచుకుంటూ. చేతిలో ఫ్లాస్కు, రెండు కప్పులు. నా వైపు చూడలేదు. నేరుగా పికప్ దగ్గరికి వెళ్లి, ఒక కప్పు నింపి, నాన్న కిటికీ దగ్గర పట్టుకున్నాడు.

"ఆర్లన్," అన్నాడు.

నాన్న అద్దం దించలేదు. తల తిప్పుకోనూ లేదు. అద్దంలోంచి తిన్నగా ఆయన్నే చూశాడు. వెర్లిన్ కప్పు అలాగే పట్టుకున్నాడు. ముందు ఆవిరి బాగా వచ్చింది. తర్వాత సన్నబడింది. తర్వాత లేదు. నేను చెట్టు మీద సుత్తి పట్టుకుని, కొట్టకుండా, ఎంతసేపు ఉన్నానో తెలీదు.

ఆఖరికి వెర్లిన్ కాఫీ కింద పారబోశాడు. మంచులో గోధుమరంగు గుంట పడింది. వచ్చిన దారినే వెళ్లిపోయాడు, తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ.

మిగిలిన మేకులు పీకాను. పలకలు ఎక్కించుకుని వచ్చేశాం. దారంతా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు, "ఓహో" కూడా అనలేదు. వాకిట్లో దిగేటప్పుడు మాత్రం, నా భుజం పట్టుకుని, "కాఫీ పెట్టవే," అన్నాడు.

పెట్టాను. ఇద్దరం తాగాం. బల్ల కింద మా కుక్క, బిషప్ కొమ్ము ముక్క ఒకటి నములుతూనే ఉంది.